తోక బండే హీరో!

సినిమాల్లో మోటార్ సైకిల్ ఎప్పుడూ ముందే పోతుంది. హీరోగారు కిక్కు కొట్టగానే హాల్లో ఈలలు, గాల్లో కాయితం ముక్కలు! 'బాబీ' (1973)లో కుర్ర జంట ఎక్కి తిరిగిన చిన్న రాజ్‌దూత్‌కి జనం 'బాబీ బండి' అనే పేరే ఖాయం చేసేశారు. 'షోలే' (1975)లో మిత్రులిద్దరూ సైడ్‌కార్ బండి మీద పాడుకుంటూ పోతే, అలాంటి బండి ఒక్కసారైనా ఎక్కాలని ఎంతమంది కుర్రాళ్లు కలలు కన్నారో! మరి ముందు బండి వెనకాల వచ్చే ఆఖరి బండి సంగతో? దాని మీద ఎవరున్నారో ఎవరిక్కావాలి? అది సైడు క్యారెక్టరు. మహా అయితే టైరు పంక్చరై జనాన్ని నవ్వించడానికి పనికొస్తుంది.

మా ఆదివారం ముఠాలో మాత్రం కథ తల్లకిందులు. మా హీరో ఆఖరి బండివాడే. ఎందుకో చెప్పాలంటే ముందు మిమ్మల్ని రాజమండ్రి నుంచి కోనసీమలోకి, కాలువ గట్టు మీదుగా ఓసారి తిప్పుకు రావాలి. రండి, నా వెనక సీటు ఖాళీగానే ఉంది. హెల్మెట్ మాత్రం మీరే తెచ్చుకోవాలి!

పాత్రధారులు

బళ్లు అయిదు, మనుషులు ఏడుగురు. అసలు పేర్లు రాస్తే ఇళ్లల్లో గొడవలు. అంచేత బండి పేరే మనిషి పేరు.

ముందు నడిచేది బుల్లెట్ అన్నయ్య. బ్యాంకు ఉద్యోగం, భారీ విగ్రహం, అంతకంటే భారీ మీసం. వెనక సీట్లో ఆయన బావమరిది. తర్వాత రెండు పల్సర్లు. ఒకటి నాది, రెండోది మందుల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగే మిత్రుడిది. అతని వెనక మా ఫొటోగ్రాఫరు. ఆ తర్వాత ఆరెక్స్. ఇరవై రెండేళ్ల కుర్రాడు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. తండ్రిగారి యమహా ఆర్‌ఎక్స్ 100 వారసత్వంగా వచ్చింది. మన దేశంలో ఆ బండి 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. అంటే బండి వయసు వాడి వయసు కంటే ఎక్కువ! అయినా దాని గొంతు వింటే సందులో ఉన్న కుర్రకారంతా తల తిప్పి చూడాల్సిందే.

ఆఖరున స్ప్లెండర్ మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెబుతారు. యాభై దాటిన మనిషి. బండి కూడా యాభై దాటదు. వెనకాల ఓ చేతిసంచీ కట్టి ఉంటుంది. అందులో దూది, పట్టీలు, టించరు, ఓ తాడు, ఓ ఎర్ర తుండుగుడ్డ. 'ఎర్ర గుడ్డ ఎందుకు మాస్టారూ, రైలు ఆపుతారా?' అని ఆరెక్స్ వేళాకోళం. మాస్టారు నవ్వేసి ఊరుకునేవారు.

మాకు చట్టాలు మూడే. ఒకటి, ముందు బండిని ఎవరూ దాటకూడదు. రెండు, తోక బండి వెనక ఎవరూ మిగలకూడదు. మూడు, రోడ్డు చీలిన ప్రతిచోటా ముందున్నవాడు ఆగాలి, వెనకవాడు కనపడ్డాకే కదలాలి. ఈ మూడో చట్టం ఒక్కటి పాటిస్తే చాలు. ఎన్ని బళ్లున్నా ఎవరూ తప్పిపోరు, ఎవరూ ఎవరికోసం తొందరపడి తోలరు.

బారేజీ మీద తెలతెలవారుతూ...

అయిదున్నరకి పుష్కర ఘాట్ దగ్గర టీ. ఆరు కొట్టేసరికి ధవళేశ్వరం. ఇక్కడే గోదారి రెండు పాయలవుతుంది. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ. ఆ రెంటి మధ్యా ఉన్నదే కోనసీమ.

ఇక్కడి జనం ఇప్పటికీ కాటన్ దొరని దేవుడిలా తలుచుకుంటారు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆయన ఈ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టించాడు. అంతకు ముందు వరదొస్తే ముంపు, రాకపోతే కరువు. ఆనకట్టతోబాటు కాలువలొచ్చాయి, కాలువల్తోబాటు వరిచేలొచ్చాయి. మనం ఇవ్వాళ బళ్లు తోలుతున్న బారేజీ మాత్రం ఆ పాత ఆనకట్ట స్థానంలో కట్టింది, 1982లో పూర్తయింది. నాలుగు భాగాలు - ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మొత్తం 175 గేట్లు. ఓసారి లెక్కపెడదామని ఫొటోగ్రాఫరు మొదలుపెట్టి, ముప్పై దాకా వచ్చి, కొంగల గుంపు కనపడగానే లెక్క మరిచిపోయాడు.

శీతాకాలంలో అయితే ఈ వంతెన మీద మంచు తెర కమ్ముకుని ఉంటుంది. ఎదురుగా వచ్చేవాడి దీపం ముందు కనపడుతుంది, మనిషి తర్వాత. ఏ కెమెరామానూ పొగ మిషన్‌తో సృష్టించలేని దృశ్యం అది. వానాకాలం మాత్రం గోదారి వేరే గోదారి. ఇక్కడ నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. అప్పుడు కిందకి పోయే నీరు సెకనుకి పది లక్షల ఘనపుటడుగులు. 1986 ఆగస్టు వరదలో అది ముప్పై అయిదు లక్షలు దాటిందట! హెచ్చరిక ఎగిరిన రోజుల్లో మా ముఠా ఇంట్లో పకోడీలకే పరిమితం. వరద చూడ్డానికి వంతెన మీద బళ్లు ఆపి గుంపులు కట్టేవాళ్లని చూస్తే మాస్టారికి ఒళ్లు మంట.

కాలువ గట్టు

బొబ్బర్లంక దగ్గర బారేజీ దిగితే రావులపాలెం దాకా కాలువ పక్కనే దారి. దూరం పాతిక కిలోమీటర్ల లోపే. రాజమండ్రి నుంచి రావులపాలెం పోవడానికి వెడల్పాటి హైవే ఉంది. దాని మీద అరగంటలో దిగబడొచ్చు. కానీ హైవే మీద మనం చూసేది ముందు లారీ వెనక రాసిన సూక్తులు మాత్రమే! గట్టు దారి మీద అయితే ఎడమ పక్క చేలు, కుడి పక్క నీళ్లు, నెత్తిన కొబ్బరాకుల గొడుగు. రేవులో గిన్నెలు తోముతున్న అమ్మలక్కలు, నీళ్లలో మూతి మాత్రం పైకి పెట్టిన గేదెలు, కోత కోసిన చేలో వందలకొద్దీ బాతులు. మలుపు తిరిగేసరికి ఓ రామాలయం, దాని అరుగు మీద పేపరు చదువుతున్న పెద్దాయన. మనల్ని చూసి కళ్లజోడు పైకెత్తి 'ఏ ఊరండీ?' అంటాడు. ఆగి చెప్పాలి మరి. చెప్పకుండా పోతే బాగుండదు.

ఈ గట్లకి ఓ చరిత్ర ఉంది. కాటన్ కాలవలు సాగుకే కాదు, రాకపోకలకీ తవ్వినవి. ధాన్యం, కొబ్బరికాయలు, కలప, మనుషులు - అన్నీ పడవల మీదే వెళ్లేవి. గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టి మనుషులు గట్టు మీంచి భుజాలతో లాక్కుంటూ నడిచేవారు. మనం ఇవ్వాళ గేరు మార్చుకుంటూ పోయే దారి, ఒకప్పుడు ఆ పడవవాళ్ల పాదాల కింద నలిగిన బాట అన్నమాట.

ఈ దారి సినిమావాళ్లకి కొత్త కాదు. ఆత్రేయపురం పక్కనే పులిదిండి. బాపు మొదటి సినిమా 'సాక్షి' (1967) తీసింది ఆ ఊళ్లోనే. కథ ముళ్లపూడి వెంకటరమణది. కృష్ణ, విజయనిర్మల మొదటిసారి జంటగా నటించారు. స్టూడియోల్లో అట్టతో ఊళ్లు కట్టుకునే రోజుల్లో, అట్ట ఊరెందుకు, అసలు ఊరే ఉందిగా అని ఇక్కడికి వచ్చేశారు. అంతకు మూడేళ్ల ముందే ఆదుర్తి సుబ్బారావు 'మూగ మనసులు' (1964)లో గోదారినీ పడవనీ పాత్రలుగా చేసేశాడు. ఆ తర్వాత ఈ గట్ల మీద ఎన్ని కెమెరాలు నిలబడ్డాయో లెక్క లేదు.

ఇంకాస్త ముందుకెళితే లొల్ల లాకులు. ఇది చూడకుండా పోతే మీ ప్రయాణం ఇంటర్వెల్‌లో లేచొచ్చినట్టే! లాకంటే నీళ్ల నిచ్చెన. కాలువ ఒకచోట ఎత్తులో, ఒకచోట పల్లంలో ఉంటే పడవ ఎలా దిగుతుంది? మధ్యలో ఓ గది కట్టి రెండు వైపులా తలుపులు పెట్టారు. పడవ గదిలోకి రాగానే వెనక తలుపు మూస్తారు. నీళ్లు మెల్లిగా వదిలితే పడవ కిందికి దిగుతుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యాక ముందు తలుపు తీస్తారు. ఎక్కాలంటే ఇదే వరస తిరగేసి. కరెంటు లేదు, ఇంజను లేదు! మాస్టారు పుల్ల తీసుకుని మట్టిలో బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆరెక్స్ కాలేజీలో చదివిన సైన్సంతా ఆ ఒక్క బొమ్మలో అర్థమైందన్నాడు. ఇప్పుడు పడవలు లేవు. లాకుల మీంచి దూకే నీటి హోరు మాత్రం ఉంది. ఆ హోరులో పక్కవాడి మాట వినబడదు. ఆ పక్కనే చెట్ల నీడలో కాసేపు ఊరికే కూచోవడం మా కార్యక్రమంలో ముఖ్యమైన అంశం.

రావులపాలెంలో పెసరట్టు ఉప్మా. అరటిపళ్ల మార్కెట్టుకి పేరుపడ్డ ఊరు. టిఫిను మీద ఓ చక్కెరకేళి పడకపోతే ఆ టిఫిను లెక్కలోకి రాదు.

మీకిది రోడ్డు, మాకిది కళ్లం!

ఇక అసలు కథ. దాళ్వా కోతల రోజులు. పొద్దున వెళ్లేటప్పుడు గట్టు పక్కన అక్కడక్కడా పట్టాలు కప్పిన ధాన్యం రాశులు కనబడ్డాయి. తిరిగొచ్చేసరికి తొమ్మిది దాటింది. ఎండెక్కింది. ఆ రాశులన్నీ విప్పి రోడ్డు మీద సగం వెడల్పున పలచగా ఆరబోసేశారు. చుట్టూ హద్దుగా రాళ్లు.

లొల్ల దాటాక దారి తిన్నగా, నీడగా ఉంది. ఆరెక్స్‌కి ఏం పూనిందో, 'అన్నయ్యా, ఒక్క షాట్!' అని కేకేసి బుల్లెట్‌ని దాటి దూసుకుపోయాడు. ఫొటోగ్రాఫరు కెమెరా పైకెత్తేలోపు మలుపు తిరిగి మాయమయ్యాడు. తర్వాత ఓ శబ్దం. రేకు డబ్బా ఈడ్చినట్టు.

మేము మలుపు తిరిగేసరికి బండి ఓ పక్క, మనిషి ఓ పక్క. మధ్యలో పది గజాల పొడుగున ధాన్యం చెల్లాచెదురు. ధాన్యం మీద చక్రం పడితే గోళీల మీద కాలేసినట్టే. దానికి తోడు కంగారులో ముందు బ్రేకు నొక్కేశాడు. అంతే, ముందు చక్రం పక్కకి లాగేసింది.

అందరం ఎక్కడి బళ్లు అక్కడ వదిలి వాడి మీదకి వంగాం. మాస్టారు మాత్రం రాలేదు. ఏరీ అని చూస్తే మలుపుకి అవతల బండి అడ్డంగా నిలబెట్టి, దీపం వేసి, సంచీలోంచి ఎర్ర తుండుగుడ్డ తీసి ఊపుతున్నారు! మరు నిమిషంలో కొబ్బరికాయల లోడుతో ఓ మినీ లారీ. డ్రైవరు గుడ్డ చూసి బ్రేకు వేశాడు. మలుపు దగ్గర ఆగింది. ఆ గుడ్డే లేకపోతే అది వచ్చి ఆగేది మా అందరి మీద. సినిమాలో అయితే ఇక్కడ హీరో లారీకి ఎదురెళ్లి చేత్తో ఆపేవాడు. మా హీరో పాతిక రూపాయల తుండుగుడ్డతో ఆపాడు.

ధాన్యం తాలూకు రైతు, ఆయన భార్య పరిగెత్తుకుంటూ వచ్చారు. తిట్లు తప్పవనుకున్నాం. ఆవిడ కొంగుతో కుర్రాడి మొహం తుడిచింది. ఆయన 'కంగారు పడకండి, ఆయ్... ధాన్యం యాడికి పోద్దండీ? ముందు అబ్బాయిగారి సంగతి చూడండి' అన్నాడు. ఆత్రేయపురంలో ఓ డాక్టరుగారు చూసి, మణికట్టు బెణికింది, ఎముకకేం కాలేదన్నారు. హెల్మెట్ మీద మాత్రం గీతలే గీతలు. అవి తల మీద పడాల్సిన గీతలు!

ఆరెక్స్‌ని డాక్టరు దగ్గర కూచోబెట్టి మిగతావాళ్లం వెనక్కి వెళ్లాం. చీపుళ్లు, పారలు అందుకుని చెల్లాచెదురైన గింజలన్నీ ఊడ్చాం. మట్టి కలిసిన గింజల్ని ఆవిడ చేటతో తూర్పారబడుతూ ఉంటే మాకు సిగ్గేసింది. అప్పుడు చెప్పాడు రైతు, అసలు రోడ్డు మీద ఎందుకు ఆరబోస్తారో. కోత మిషన్లు వచ్చాక ధాన్యం పచ్చిగానే చేలోంచి వచ్చేస్తుంది. తేమ 17 శాతానికి దిగితేగానీ ప్రభుత్వం మద్దతు ధరకి కొనదు. ఈలోగా వాన పడితే మొలకెత్తిపోతుంది. చేలో తడి, ఇంటి ముందు చోటు చాలదు. ఎండకి కాగి వేడెక్కి ఉండేది ఈ తారు రోడ్డొక్కటే.

'మీకిది రోడ్డండీ. మాకిది కళ్లం' అన్నాడాయన.

ఆరునెలల కష్టం అక్కడ పరిచి ఉంది. మనం అది హీరో బండి కింద పరిచిన తివాచీ అనుకుంటే ఎలా? రోడ్డు మీద ధాన్యం పొయ్యడం ప్రమాదమని అధికారులు చెప్పేదీ నిజమే. కానీ ఆరబెట్టుకోవడానికి వేరే చోటు చూపించేదాకా ఆ రైతు ఏం చేస్తాడు? పాపం ఆయన కూడా రాళ్లు చూసి జాగ్రత్తగా పెట్టాడు, రాత్రుళ్లు కనపడాలని సున్నం కూడా రాశాడు.

నష్టానికి డబ్బివ్వబోతే పుచ్చుకోలేదు. పైగా వంగిపోయిన బండిని తన పశువుల పాకలో పెట్టించాడు. మరుసటి ఆదివారం వెళ్లేసరికి ఆ బండి శుభ్రంగా కడిగి, తళతళలాడుతూ ఉంది. ఆత్రేయపురంలో పూతరేకులు కొని వాళ్లింటికే పట్టుకెళ్లాం. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగితే ఉల్లిపొరలాంటి రేకు వస్తుంది. ఆ విద్యకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. 'మా ఊరి పక్క సరుకే మాకు తెచ్చారా!' అని ఆవిడ ఒకటే నవ్వు.

అమ్మగారి షరతు

అసలు చిక్కు రాజమండ్రిలో ఎదురైంది. ఆరెక్స్ వాళ్లమ్మగారు బండి తాళం బీరువాలో పెట్టేసింది. ఒక్కగానొక్క కొడుకు. తండ్రి లేడు. ఆ బండి తండ్రి గుర్తు. తోలొద్దంటే వాడు బాధపడతాడు, తోలమంటే ఈవిడకి నిద్ర పట్టదు. నెలన్నర గడిచింది. వాడు లేకుండా ముఠాకి కళ లేదు. ఆ రెండుబారుల గొంతు లేకపోతే గట్టు మీద నిశ్శబ్దం కూడా బోసిపోయింది.

ఓ సాయంత్రం ఆవిడే మాస్టారింటికి వెళ్లిందట. 'మీరు వాడి వెనకాల ఉంటానంటేనే పంపిస్తాను మాస్టారూ' అందట. మాస్టారు, 'నా పని అదేగా తల్లీ' అన్నారట. మర్నాడు తాళం బీరువాలోంచి బయటికొచ్చింది.

చెట్టు లేని నీడ

ఓపిక ఉన్న రోజున తిరుగు ప్రయాణంలో ఇంకో దారి పడతాం. బొబ్బర్లంక నుంచి ధవళేశ్వరం వైపు కాకుండా మద్దూరు, విజ్జేశ్వరం భాగాలు దాటి పడమటి గట్టెక్కితే కొవ్వూరు వస్తుంది. దానికి దగ్గర్లోనే గోదారొడ్డున కుమారదేవం. అక్కడి నిద్రగన్నేరు చెట్టుకి 'సినిమా చెట్టు' అని పేరు. దాని కింద నిలబడని హీరో, దాని చుట్టూ తిరగని పాట అరుదు. నూటయాభై ఏళ్ల నాటిదంటారు. 2024 ఆగస్టులో అది కూలిపోయింది. మళ్లీ బతికించే ప్రయత్నాలూ జరిగాయి.

మేము వెళ్లిన రోజు ఆరెక్స్ అక్కడ చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడు. వాళ్ల నాన్నగారు పెళ్లయిన కొత్తల్లో ఇదే బండి మీద వాళ్లమ్మని ఎక్కించుకుని షూటింగ్ చూపించడానికి ఈ చెట్టు దగ్గరికే తీసుకొచ్చారట. చూద్దాం, చూద్దాం అని వాయిదా వేసుకుంటే కొన్ని మనకోసం ఆగవు. పడవలు ఆగలేదు, చెట్టూ ఆగలేదు. ఆదివారం పూట పనులన్నీ పక్కన పెట్టి బయల్దేరడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి?

అక్కణ్ణించి రోడ్డు కమ్ రైలు వంతెన మీదుగా రాజమండ్రి. 1974లో తెరిచిన వంతెన. పైన మనం, కింద రైలు. రైలొస్తే హేండిల్‌లో వణుకు తెలుస్తుంది. మరమ్మతులప్పుడు దారి మూస్తారు కాబట్టి ముందు కనుక్కుని బయల్దేరడం మంచిది.

ఆ సాయంత్రం వంతెన ఎక్కేముందు ఆరెక్స్ మాస్టారి దగ్గరికొచ్చి, 'ఇవ్వాళ తోక నేను పడతాను. ఆ సంచీ ఇలా ఇవ్వండి' అన్నాడు. మాస్టారు ఒక్క క్షణం వాడి మొహంలోకి చూసి, తాడు విప్పి సంచీ చేతికిచ్చారు.

ఇక మీ వంతు

అన్నట్టు, మీరూ ముఠా కట్టాలనుకుంటే నాలుగు మాటలు. ముందు రోజు రాత్రే గాలి, బ్రేకు, చైను చూసుకోండి. బండికీ బండికీ మధ్య రెండు కరెంటు స్తంభాల ఎడం ఉంచండి. రోడ్డు మీద ధాన్యం, ఇసుక, కొబ్బరి పీచు కనపడితే దూరం నుంచే వేగం తగ్గించండి. మీదకెళ్లాక బ్రేకు ముట్టుకోవద్దు, హేండిల్ తిప్పొద్దు. ఊళ్లలో హారను తగ్గించండి. రేవుల దగ్గర కెమెరా దించండి, అది వాళ్ల ఇంటి ముంగిలి. పూతరేకులు కొంటే సంచీలో పైన పెట్టండి, లేకపోతే ఇంటికెళ్లేసరికి పొడే!

అన్నిటికంటే ముఖ్యం, బయల్దేరే ముందు మీలో మీరు ఓ ప్రశ్న వేసుకోండి. ముందు ఎవరు పోతారని కాదు, ఆఖరున ఎవరొస్తారని. ఆ మనిషి దొరికితే ముఠా సగం సిద్ధమైనట్టే. ఎర్ర తుండుగుడ్డ ఏ సంతలోనైనా దొరుకుతుంది.